అందరికీ ధైర్యం చెప్పే అన్నకు తోడెవరు?

ఈసారి ఉత్తరం రాసిన పాఠకుడికి 38 ఏళ్లు. ట్రాన్స్ మ్యాన్. పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాశారు. ముప్పై దాటాక తాను మగవాడినని ఇంట్లో చెప్పి, వేరే ఊరు వెళ్లి, ఆరేళ్లుగా టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ ఇంజెక్షన్లు తీసుకుంటూ ఉద్యోగం చేసుకుంటున్నారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. ఐదు పేజీల ఉత్తరంలోని ముఖ్యమైన సంగతులు ఇవి.

రెండేళ్ల క్రితం కడుపునొప్పి వస్తే స్కానింగ్‌కు వెళ్లారు. కార్డులో పాత పేరే ఉంది. జనంతో నిండిన హాల్లో అటెండర్ ఆ పేరును రెండుసార్లు గట్టిగా పిలిచాడు. గడ్డంతో ఉన్న ఈయన లేచి నిలబడితే "మిమ్మల్ని కాదండీ, ఆవిడని" అన్నాడు. లోపలికి వెళ్లాక స్కాన్ చేసే మనిషి పక్క గదిలోంచి మరో ఇద్దరిని పిలిచి చూపించాడు. రిపోర్టు తీసుకోకుండానే వచ్చేశారు. అప్పటినుంచి తన కోసం ఏ డాక్టరు గడపా తొక్కలేదు. రక్తపరీక్షలు లేవు. మందు ఎక్కడ దొరికితే అక్కడ తెచ్చుకుని, దొరకనప్పుడు రెండు వారాలకోసారి వేసుకోవాల్సిన ఇంజెక్షన్‌ను నాలుగు వారాలకు సాగదీస్తున్నారు.

మూడు నెలలుగా కొత్త సమస్య. ఐదేళ్ల క్రితం పూర్తిగా ఆగిపోయిన రక్తస్రావం మళ్లీ మొదలైంది. రెండు రోజులు కొద్దికొద్దిగా కనిపించి ఆగుతుంది, మళ్లీ వస్తుంది. ఛాతీ కనబడకుండా వేసుకునే బైండర్‌ను రోజుకు పద్నాలుగు గంటలు ఉంచుకుంటున్నారు, పక్కటెముకలు నొప్పి. నిద్ర సరిగా లేదు.

ఆయన ఉన్న ఊళ్లో ట్రాన్స్ మనుషుల చిన్న గ్రూపు ఒకటుంది. అందులో ఈయనే పెద్దవాడు, అందరికీ 'అన్న'. నాలుగు నెలల క్రితం గ్రూపులోని 24 ఏళ్ల కుర్రాడు ఆత్మహత్యకు ప్రయత్నిస్తే రాత్రంతా ఎమర్జెన్సీ వార్డు బయట కూర్చున్నది ఈయనే. మర్నాటినుంచి అందరిదీ ఒకటే మాట: "నువ్వు చాలా స్ట్రాంగ్ అన్నా." దాని గురించి ఇలా రాశారు: "ఆ మాట వింటే ఏడుపొస్తోంది. చావాలని లేదు. కానీ పొద్దున మెలకువ రాకపోతే బాగుండు అనిపించే రోజులు ఎక్కువయ్యాయి. నేను బలహీనుడినా? మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాలా, ఇంజెక్షన్లు మానేసి చూడాలా, గ్రూపు వదిలేసి కొన్నాళ్లు ఎవరికీ కనిపించకుండా ఉండాలా?"

సమాధానం

ముందుగా ఆ మెలకువ మాట గురించి. మిగతావన్నీ తర్వాత.

చావాలని లేదు అని మీరు రాసింది నమ్ముతున్నాను. అయినా లేవకపోతే బాగుండు అనిపించడం చిన్న విషయం కాదు. శరీరం, మనసు రెండూ ఇక మోయలేనంటున్నప్పుడు వచ్చే ఆలోచన అది. మీ గ్రూపులో కుర్రాడు ఈ మాటే మీతో అని ఉంటే మీరేం చేసేవారో నాకు తెలుసు, ఆ రాత్రి చేసి చూపించారు. ఆ పనే మీ విషయంలోనూ చేయండి. ఈ మాటను ఈ రోజే ఒక్క మనిషికైనా నోటితో చెప్పండి. ఉత్తరంలో మీరు రాసిన మీ చెల్లెలికి చెప్పొచ్చు, ఆత్మహత్య ఆలోచనల కోసం మీ దగ్గర పనిచేసే హెల్ప్‌లైన్‌కు చెప్పొచ్చు. 'అనిపించడం' దాటి ఎలా, ఎప్పుడు అనే ఆలోచన వస్తే ఒక్క గంట కూడా ఒంటరిగా ఉండొద్దు. ఎవరినైనా పిలిచి వెంటబెట్టుకుని ఎమర్జెన్సీకి వెళ్లండి. ఇది మాత్రం ఎంచుకోమని చెప్పే విషయం కాదు, తప్పకుండా చేయాల్సింది. కింద రాసేవన్నీ మీరు ఆలోచించి నిర్ణయించుకోవాల్సినవి.

ఇక 'స్ట్రాంగ్' సంగతి. మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. రెండోసారి చదువుతూ మీరు 'తట్టుకున్నాను' అన్న మాట ఎన్నిసార్లు రాశారో లెక్కపెట్టాను. పదకొండు. ఇంట్లో మాటలు తట్టుకున్నాను, ఆఫీసులో చూపులు తట్టుకున్నాను, నొప్పి తట్టుకుంటున్నాను. 'తేరుకున్నాను' అని ఒక్కచోటా లేదు. మనలో చాలామందికి ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ కాదు. తట్టుకోవడమంటే దెబ్బ పడుతున్నంతసేపు పడిపోకుండా నిలబడటం. దెబ్బ ఆగాక కూర్చుని, గాయం కడిగి, కట్టు కట్టించుకుని మళ్లీ లేవడమే తేరుకోవడం. మీరు ఏళ్ల తరబడి మొదటిది చేస్తూనే ఉన్నారు, రెండోదానికి అవకాశమే రాలేదు. మీరు బలహీనులు కాదు, అలసిపోయారు. అలసటకు మందు ఇంకాస్త ధైర్యం కాదు.

ఇది ఓదార్పు కోసం అంటున్న మాట కాదు. సమాజం చిన్నచూపు చూసే మనుషుల ఆరోగ్యం ఎందుకు దెబ్బతింటుందో వివరిస్తూ ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో 'మైనారిటీ స్ట్రెస్' అనే వివరణ ఇచ్చారు. హెండ్రిక్స్, టెస్టా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2012లో దాన్ని ట్రాన్స్ మనుషుల జీవితానికి అన్వయించారు. బయటినుంచి వచ్చే అవమానం ఒక దెబ్బ. అది మళ్లీ ఎప్పుడొస్తుందోనని ఎదురుచూడటం ఇంకో దెబ్బ. తనను తాను దాచుకుంటూ తిరగడం మరొకటి. రెండేళ్ల క్రితం ఆ హాల్లో జరిగింది పది నిమిషాలు. ఆసుపత్రి బోర్డు కనబడినప్పుడల్లా మీ ఒళ్లు బిగుసుకుపోవడం రెండేళ్లుగా సాగుతోంది. నిద్ర పట్టనిది, కండరాలు పట్టేసేది అందుకే. ఈ దెబ్బల మధ్య మనిషిని నిలబెట్టే వాటిలో ఆ శాస్త్రవేత్తలు ముఖ్యంగా చెప్పినవి రెండు: తనలాంటి మనుషులతో కలిసి ఉండటం, తానెవరో ఆ ఉనికి మీద గర్వం. రెండూ మనసులో గట్టిగా అనుకుంటే వచ్చేవి కావు, నలుగురి మధ్యే పెరుగుతాయి. మీ గ్రూపులోని పిల్లలు మీవల్ల నిలబడుతున్నది కూడా అందుకే. మీకు మాత్రం ఆ తోడు ఒకవైపే నడుస్తోంది.

డాక్టరు దగ్గరికి వెళ్లలేకపోవడం మీ ఒక్కరి పిరికితనమని రాసుకున్నారు. అమెరికాలో 2015లో 27,715 మంది ట్రాన్స్ పెద్దలతో ఒక సర్వే జరిగింది. అవసరం ఉండి కూడా, సరిగా చూడరేమోనన్న భయంతో గత ఏడాది డాక్టరు దగ్గరికి వెళ్లలేదని వారిలో 23 శాతం మంది చెప్పారు. దాదాపు నలుగురిలో ఒకరు. అంతమందికి ఒకేలాంటి భయం ఉందంటే లోపం భయపడేవారిలో వెతకకూడదు.

ఇప్పుడు శరీరం గురించి. నేను కౌన్సెలర్‌ని, మందులు రాసే డాక్టరును కాదు. ఈ రంగంలో స్థిరపడిన విషయాలు మాత్రమే చెబుతాను. మీ ఒంటిని చూసి చెప్పాల్సింది డాక్టరే.

టెస్టోస్టిరాన్ సరైన మోతాదులో, సమయానికి అందుతుంటే చాలామందికి కొన్ని నెలల్లోనే నెలసరి ఆగిపోతుంది. ఆగినది మళ్లీ కనిపిస్తే ఏదో కారణం ఉంటుంది. ఇంజెక్షన్ల మధ్య ఎడం పెరిగి హార్మోన్ స్థాయి పడిపోవడం తరచుగా కనిపించే కారణాల్లో ఒకటి. మీరు నాలుగు వారాలకు సాగదీస్తున్నానని రాశారు కాబట్టి అదే కావచ్చు. టెస్టోస్టిరాన్ వల్ల లోపలి పొరలు పలచబడి కొద్దిగా రక్తం రావచ్చు. ఇన్‌ఫెక్షన్ కావచ్చు, పాలిప్, అంటే గర్భాశయంలో పెరిగే చిన్న కండ, కావచ్చు. గర్భం కూడా కావచ్చు. ఈ మాట చదవడం మీకు కష్టమని తెలుసు. కానీ నెలసరి ఆగినంత మాత్రాన టెస్టోస్టిరాన్ గర్భనిరోధకంగా పనిచేయదు, ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. అవకాశం ఉంటే ముందు ఇంట్లోనే పరీక్ష చేసుకోండి. వీటికంటే తీవ్రమైన కారణాలు అరుదు. అరుదే అయినా, చూడకుండా కాదనుకోలేం.

మొదటి దారి, ఏమీ చేయకపోవడం. ఇలాగే ఓర్చుకుంటూ ఇంకొన్ని నెలలు చూడొచ్చు కదా అంటారేమో. చూడొచ్చు, చాలా కారణాలు ప్రాణం మీదికి తెచ్చేవి కావు కూడా. కానీ ఈలోగా ప్రతి మరకకూ గుండె ఝల్లుమంటూనే ఉంటుంది. అసలు కారణం చిన్నదైనా సరే, భయం మాత్రం రోజురోజుకీ పెరుగుతుంది. ఒక సంగతి రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. అమెరికాలో రాబర్ట్ ఈడ్స్ అనే ట్రాన్స్ మ్యాన్‌కు అండాశయ క్యాన్సర్ వచ్చింది. ఇరవైమందికి పైగా డాక్టర్లు ఆయనకు వైద్యం చేయడానికి నిరాకరించారు. 1999లో చనిపోయారు. మీకున్నది అదేనని భయపెట్టడానికి చెప్పడం లేదు, మీ లక్షణాలు అలాంటివని నేననడం లేదు. ఆయన్ని తలుపు బయటే నిలబెట్టింది డాక్టర్లు. మీ విషయంలో తెరిచే తలుపు ఒకటి దొరికే అవకాశం ఉంది, మీరింకా తట్టి చూడలేదు, అంతే. ఆగకూడని పరిస్థితులు మాత్రం గుర్తుంచుకోండి: గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం, కళ్లు తిరగడం, పొత్తికడుపులో భరించలేని నొప్పి, జ్వరం, గర్భపరీక్ష పాజిటివ్ రావడం. వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, ఎమర్జెన్సీకి వెళ్లండి.

రెండో దారి, ఇంజెక్షన్లు పూర్తిగా మానేయడం. కొందరు తమ ఇష్టంతో మానేస్తారు, అదేమీ తప్పు కాదు. మీరు మానేయాలనుకుంటున్నది ఇష్టంతో కాదు, 'ఈ మందువల్లే ఇదంతా' అన్న భయంతో. మానేస్తే గొంతు మారదు, గడ్డం చాలావరకు ఉంటుంది. కానీ అండాశయాలు ఉన్నాయి కాబట్టి నెలసరి తిరిగి వస్తుంది, ఒంట్లో కొవ్వు చేరే తీరు మారుతుంది, మనసు బాగా కుంగొచ్చు. మెలకువ రాకపోతే బాగుండు అనిపిస్తున్న ఈ రోజుల్లో ఆ కుంగుబాటు తోడు కావడం నాకు భయంగా ఉంది. పైగా ఇప్పుడు వస్తున్న రక్తం ఎందుకొస్తోందో అసలు తెలియకుండా పోతుంది. మానాలా, తగ్గించాలా, మోతాదు సరిచేయాలా అన్నది పరీక్ష తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.

మీరు ఉత్తరంతో పాటు పంపిన పాత రక్తపరీక్ష కాగితం చూశాను. హిమోగ్లోబిన్ 15.8, పక్కన ఎర్ర అక్షరాల్లో 'ఎక్కువ' అని ఉంది. దాని కిందే మీరు పెన్నుతో రాసుకున్నారు: "నా రక్తం పాడైపోయిందా?" ఆ కాగితం పైభాగం ఒకసారి చూడండి. లింగం అన్నచోట 'స్త్రీ' అని ఉంది. యంత్రం మీ అంకెను ఆడవాళ్ల కొలతతో పోల్చి ఎర్ర గుర్తు పెట్టింది. స్థిరంగా టెస్టోస్టిరాన్ తీసుకుంటున్నవారి హిమోగ్లోబిన్‌ను మగవాళ్ల కొలతతో పోల్చాలి, ఆ లెక్కన 15.8 మామూలే. అదే కాగితంలో రక్తంలో ఎర్రకణాల శాతం, అంటే హిమటోక్రిట్, 47 అని ఉంది. టెస్టోస్టిరాన్‌తో ఇది పెరుగుతుంది నిజమే. అది 54 దాటితే రక్తం చిక్కబడి గడ్డలు కట్టే ముప్పు ఉంటుందని డాక్టర్లు మోతాదు తగ్గిస్తారు, లేదా కొన్నాళ్లు ఆపుతారు. పొగతాగడం, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కూడా దాన్ని పెంచుతాయి. రెండున్నరేళ్లుగా మీరు మోస్తున్న ఆ భయానికి మూలం కాగితం మీద తప్పు గడిలో పడిన ఒక టిక్కు. అయితే ఆ కాగితం పాతది. ఇప్పుడెలా ఉందో కొత్త పరీక్షే చెప్పాలి. మొదటి ఏడాది మూడు నెలలకోసారి, ఆ తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు ఈ పరీక్షలు చేయించుకోవాలన్నది సాధారణ పద్ధతి. రెండు వారాల ఇంజెక్షన్ అయితే, రెండు ఇంజెక్షన్లకు సరిగ్గా మధ్యలో రక్తం ఇస్తే హార్మోన్ స్థాయి బాగా తెలుస్తుంది.

మూడో దారి డాక్టరు దగ్గరికి వెళ్లడం. నా మనసు దీనివైపే ఉందని దాచను. కానీ పోయినసారి వెళ్లినట్టే వెళ్లమని చెప్పను. ఈసారి ముందుగా ఫోన్ చేయండి, లేదా చెల్లెలితో చేయించండి. ట్రాన్స్ మగవారిని ఇంతకుముందు చూశారా, కార్డులో ఏ పేరున్నా రోగి చెప్పిన పేరుతో పిలుస్తారా, మొదటిసారి పరీక్షలేవీ లేకుండా మాట్లాడటానికే రావచ్చా అని అడగండి. అవతలి గొంతు వినగానే సగం తెలిసిపోతుంది. చీదరగా మాట్లాడితే ఫోన్ పెట్టేసి ఇంకోచోట అడగండి. పోయేది ఒక ఫోన్ కాల్ అంతే. మీ గ్రూపులో ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో కనుక్కోండి, ఏ డైరెక్టరీ కంటే అది నమ్మకమైన సమాచారం.

వెళ్లేటప్పుడు ఒక చిన్న చీటీ రాసుకుని కౌంటర్లో ఇవ్వండి. నోటితో చెప్పాల్సిన ఇబ్బంది ఉండదు. నేనైతే ఇలా రాస్తాను: "నేను ట్రాన్స్ మ్యాన్. కార్డులో పాత పేరు ఉంది, దయచేసి హాల్లో ఆ పేరు పిలవొద్దు, టోకెన్ నంబరుతో పిలవండి. ఆరేళ్లుగా టెస్టోస్టిరాన్ తీసుకుంటున్నాను. మూడు నెలలుగా మధ్యమధ్యలో రక్తం కనిపిస్తోంది. కొన్ని ఇంజెక్షన్లు ఆలస్యమయ్యాయి. గదిలో నాతో నా చెల్లెలు ఉంటుంది. వైద్యానికి అవసరం లేని మనుషులు గదిలో ఉండటానికి నేను ఒప్పుకోను." ఆఖరి వాక్యం తప్పకుండా రాయండి. పోయినసారి ఇద్దరిని పిలిచి చూపించడం వైద్యం కాదు, మర్యాద లేకపోవడం. మీరు అప్పుడు ఏమీ అనలేకపోయానని బాధపడుతున్నారు. బట్టలు సగం తీసి బల్లమీద పడుకున్న మనిషి ఏమంటాడు?

లోపలి పరీక్ష తలుచుకుంటేనే భయమని రాశారు. అక్కడా మీకు దారులున్నాయి. ముందు కడుపు మీదనుంచే స్కాన్ చేయమని అడగొచ్చు. అది సరిపోక లోపలి పరీక్ష అవసరమైతే చిన్న పరికరం వాడమనొచ్చు, చెయ్యి ఎత్తగానే ఆపేయాలని ముందే చెప్పుకోవచ్చు, ఆ రోజు వద్దంటే వాయిదా వేయొచ్చు. పొరలు పలచబడి నొప్పి ఎక్కువగా ఉండేవారికి కొన్నాళ్ల ముందునుంచి లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ ఇస్తారు. అది రాసిన చోటే పనిచేస్తుంది, మీ గొంతునూ గడ్డాన్నీ మార్చదు. గర్భాశయ ముఖద్వారం ఉన్నవారందరికీ, మగవాళ్లైనా సరే, క్యాన్సర్ ముందస్తు పరీక్ష అవసరం. దానికి హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్షను, నమూనా ఎవరికి వారే తీసుకునే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో సిఫార్సు చేసింది. దూది చుట్టిన చిన్న పుల్లతో బాత్‌రూమ్‌లో తలుపేసుకుని మీరే తీసుకుని ఇవ్వొచ్చు. గర్భాశయ ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే మామూలు పాప్ పరీక్షలో టెస్టోస్టిరాన్ తీసుకునేవారి నమూనా సరిపోలేదని మళ్లీ రమ్మనడం ఎక్కువగా జరుగుతుంది, కాబట్టి ఈ పద్ధతి ఉందా అని ముందే అడగడం మేలు. అయితే ఇప్పుడు మీకు రక్తం కనిపిస్తోంది కాబట్టి ఇదొక్కటీ సరిపోదు, డాక్టరు చూడాల్సిందే.

ఇంకో రకం డాక్టర్లుంటారు. చెయ్యి విరిగి వెళ్లినా హార్మోన్ల గురించే మాట్లాడతారు, అంతా మీ మనసులోని జబ్బేనంటారు. అలాంటివారు ఎదురైతే మీకు తెలిసుండాల్సిన విషయం: ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా 11వ కూర్పులో ట్రాన్స్ ఉనికికి సంబంధించిన అంశాన్ని మానసిక రుగ్మతల అధ్యాయంలోంచి తీసేసింది. 2019లో ఆమోదం పొందిన ఆ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. వాదించమని కాదు. లేచి వచ్చేయడానికి మీకు ఆ మాత్రం బలం చాలు.

బైండర్ గురించి క్లుప్తంగా. పద్నాలుగు గంటలు చాలా ఎక్కువ. ఎనిమిది గంటలు దాటొద్దు, వేసుకుని నిద్రపోవద్దు అన్నది సాధారణంగా ఇచ్చే సలహా. దాదాపు 1,800 మందిని అడిగి 2017లో ప్రచురించిన అధ్యయనంలో నూటికి 97 మంది ఏదో ఒక ఇబ్బంది ఉందని చెప్పారు. వారంలో ఎన్ని రోజులు వేసుకుంటారన్నదానికీ ఇబ్బందులకీ గట్టి సంబంధం కనిపించింది. కాబట్టి సెలవురోజుల్లో ఇంట్లో ఉన్నప్పుడు వదులు చొక్కాతో ఉండగలరేమో చూడండి. ఆ రోజు అద్దం ముందు కష్టంగా ఉంటుందని తెలుసు. ఊపిరి తీసుకుంటే పొడిచినట్టుంటే మాత్రం ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి.

ఇప్పుడు గ్రూపు. ఇక్కడే మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి.

వదిలేస్తే ఏమవుతుంది? మొదటి వారం హాయిగా ఉంటుంది. అర్ధరాత్రి ఫోన్లు రావు. తర్వాత మీకున్న ఒకే ఒక్క నీడ కూడా ఉండదు. ఇలాగే కొనసాగితే? ఇంకో కుర్రాడికి ఇంకో రాత్రి అవసరమవుతుంది, మీరు వెళ్తారు, ఎప్పుడో ఒక రాత్రి వెళ్లలేకపోతారు. ఆ రోజు మిమ్మల్ని మీరు క్షమించుకోలేరు. మధ్యదారి ఒకటుంది, దానికి నోరు విప్పాలి. "నాకు ఒంట్లో బాగాలేదు, రెండు నెలలు రాత్రి ఫోన్లు నేను తీయలేను, ఎవరెవరు పంచుకుంటారు?" అని గ్రూపులో అడగండి. కొందరు నొచ్చుకుంటారు, ఒకరిద్దరు తప్పుకుంటారు కూడా. కానీ మీరనుకున్నంత చేతకానివాళ్లు కారు వాళ్లు. మీరు ఇన్నాళ్లూ అన్నీ చేసేయడంవల్ల వాళ్లకు చేసే అవకాశం రాలేదు. ఆత్మహత్యాయత్నం చేసినవారి బాధ్యత ఏ ఒక్కరి భుజాల మీదా ఉండకూడదు. ఆ కుర్రాడికి డాక్టరో కౌన్సెలరో ఉండాలి. మీరు అన్నగా ఉంటే చాలు.

ఆ రాత్రి గురించి మీరు రాసిన ఒక చిన్న సంగతి దగ్గర ఆగిపోయాను. రెండేళ్లుగా ఆసుపత్రి వాసనే పడని మీరు ఆ రాత్రి పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్లి, కౌంటర్లో ఆ కుర్రాడు పెట్టుకున్న పేరే చెప్పి, నర్సు కార్డులోని పాత పేరు చదవబోతే "ఈ పేరుతో పిలవండి సిస్టర్" అన్నారు. ఆమె పిలిచింది. పిలిచింది కదా! అంటే ఎలా మాట్లాడాలో మీకు తెలుసు. ఆ పని చేసే మనిషి ఇంతకుముందు మీ పక్కన లేడు. రెండేళ్ల క్రితం మీరు ఒక్కరే వెళ్లారు.

అమ్మగారి గురించి మీరు అడగలేదు, రెండు పేరాలు మాత్రం రాశారు. ఆదివారం ఫోన్ చేస్తారు, ఏ పేరుతోనూ పిలవరు. 'బాగున్నావా, నిద్రపోతున్నావా' అంటూ ఆడామగా తేడా కనబడని మాటలతోనే నెట్టుకొస్తారు. పక్కనున్నవాళ్లతో మాత్రం 'ఫోన్ చేసింది' అంటారు, అది మీకు వినబడుతుంది. పోయిన నెల ఒకసారి 'ఏరా' అన్నారని, అది మామూలుగా వచ్చిన ముద్దుమాటో, నిజంగా కొడుకుని పిలిచిందో తెలియలేదని రాశారు. నాకూ తెలియదు. అడిగి తేల్చుకోవాల్సిన తొందరా లేదు. మళ్లీ అన్నప్పుడు 'ఆఁ అమ్మా' అని పలకండి చాలు. ఆమెను మార్చే పని మాత్రం ఇప్పుడు పెట్టుకోకండి, మీకు ఆ ఓపిక లేదు. 'చేసింది' అన్న మాట గుచ్చుకుంటుంటే, కొన్నాళ్లు ఫోన్ కాస్త చిన్నదిగా ముగించడం కూడా తప్పు కాదు.

ఇక చెల్లెలు. మీరు ఇల్లు వదిలిన రోజునుంచి 'అన్నయ్యా' అనే పిలుస్తోందని రాశారు. ఆమెకు రక్తస్రావం సంగతి చెప్పలేదు, ఎందుకంటే 'ఆ మాట చెబితే తన కళ్లలో మళ్లీ అక్కనైపోతానేమో' అని. ఈ భయం నాకు అర్థమైంది. ఇన్నేళ్లుగా ఎవరూ చెప్పకుండానే అన్నయ్యా అంటున్న పిల్ల, అన్నయ్యకు ఒంట్లో బాగాలేదంటే పిలుపు మార్చుకుంటుందని నేననుకోను. నా అంచనా తప్పు కావచ్చు, ఆమె కాసేపు తడబడొచ్చు కూడా. అయినా ముందే అన్నీ వివరించాల్సిన పనిలేదు. ఫోన్లో ఇంతే రాసి పంపండి: "డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒక్కడినే వెళ్లలేకపోతున్నాను. నువ్వు నాతో గదిలోకి కూడా రావాలి. ఎందుకో వచ్చాక చెబుతాను."

అది పంపాక పైన రాసిన చీటీని మీ చేతిరాతతో ఒకసారి రాసుకుని జేబులో పెట్టుకోండి. కొత్త రిపోర్టు వచ్చినప్పుడు పైభాగంలో ఏ గడిలో టిక్కు పెట్టారో ముందు చూడండి. తర్వాత మళ్లీ నాకు రాయండి. ఎదురుచూస్తుంటాను.